ఆసియా సముద్ర పటాలను యూరప్ రాజ్యాలు నిజంగా దాచగలిగాయా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. భారతదేశానికి వచ్చే సముద్రమార్గపు పటాన్ని బయటపెట్టినవాడికి పోర్చుగల్ రాజు మరణశిక్ష విధించాడన్నది నిజమేనా అన్నది మొదటిది. అంత కట్టడి ఉంటే వందేళ్ళు తిరిగేసరికి డచ్చివారు, ఇంగ్లీషువారు ఇక్కడికి ఎలా వచ్చిపడ్డారన్నది రెండోది. పటాల చరిత్ర చాలాకాలంగా చదువుతూ, పాఠం చెబుతూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీరాల ఆకారాన్ని ఎవరూ ఎక్కువకాలం దాచలేకపోయారు. ఏ రేవులో ఏ సరుకు, ఏ రకం, ఏ నెలలో అమ్ముడుపోతుందన్న వ్యాపారజ్ఞానాన్ని మాత్రం కాజేయడం చాలా కష్టమైంది. అది పటంలో ఇమిడేది కాదు.

మరణశిక్ష మాట ఎక్కడ పుట్టిందో తెలుసు. స్పెయిన్‌లో వెనిస్ రాయబారి దగ్గర కార్యదర్శిగా ఉన్న ఆంజెలో ట్రెవిజాన్ 1501 ఆగస్టులో స్వదేశానికి ఒక ఉత్తరం రాశాడు. కాలికట్ ప్రయాణపు పటం సంపాదించడం అసాధ్యమని, దాన్ని బయటికి ఇచ్చినవాడికి మరణశిక్ష తప్పదని పోర్చుగల్ రాజు ఆజ్ఞాపించాడని అందులో ఉంది. అంటే ఇది పటం కోసం ప్రయత్నించి దొరకని ఒక పరదేశి తనవాళ్ళకు ఇచ్చుకున్న సంజాయిషీ. రాజు మాన్యుయెల్ పేరు మీద వచ్చిన ఉత్తర్వు 1504 నవంబరు 13 నాటిది. కాంగో నది దాటిన తరవాతి తీరాలను పటాల మీద గానీ గోళాల మీద గానీ చూపకూడదని అది నిషేధించింది. అప్పటికే దాచవలసిన పటం లిస్బన్ దాటి రెండేళ్ళయింది.

దాన్నే ఇప్పుడు కాంతీనో పటం అంటున్నారు. ఇటలీలోని ఫెరారా ప్రభువు ఎర్కోలె తన మనిషి అల్బెర్తో కాంతీనోను లిస్బన్ పంపించాడు. కాంతీనో అక్కడ ఒక పటచిత్రకారుడిని పట్టుకుని 12 బంగారు డుకాట్లకు ప్రపంచపటం గీయించాడు. ఆ గీసినవాడి పేరు ఎక్కడా లేదు. 1502 నవంబరుకల్లా పటం జెనోవా చేరింది. మరణశిక్ష అంటూ ట్రెవిజాన్ ఉత్తరం రాసి అప్పటికి ఏడాది మీద మూడు నెలలు. తోలు పత్రాలు అతికించి తయారుచేసిన ఆ పటం రెండు మీటర్లకు పైగా పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు ఉంటుంది. 1859 అల్లర్లలో మోదెనా రాజభవనం నుంచి మాయమై, అదే ఊళ్ళో ఒక మాంసం దుకాణంలో తెరగా వేలాడుతూ జుసెప్పె బోనీ కంటపడింది. ఆయన చేతుల మీదుగా అక్కడి ఎస్తెన్సె గ్రంథాలయానికి వెళ్ళి నేటికీ అక్కడే ఉంది.

ఆ పటాన్ని దగ్గరగా చూడాలి. అంతకు ముందు యూరప్‌లో చెలామణీ అయిన, ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ పటాలలో భారతదేశం దాదాపు తీరం వెంట చదునుగా ఉంటుంది, శ్రీలంక మాత్రం ఖండమంత ఉంటుంది. కాంతీనో పటంలో మన ద్వీపకల్పం మొదటిసారి మొనదేలి దక్షిణానికి దిగివస్తుంది. ఇంతకన్నా ఆసక్తికరమైంది ఇంకా తూర్పున ఉంది. 1502 నాటికి పోర్చుగీసు ఓడ ఏదీ మలయా ద్వీపకల్పంలోని మలక్కా రేవును చూడలేదు. వాళ్ళు అక్కడికి వెళ్ళింది 1509లో. అయినా పటంలో మలక్కా ఉంది, దాని పక్కన లవంగాలు, సాంబ్రాణి, అగరు, చందనం, కస్తూరి, రత్నాలు, ముత్యాలు, పింగాణి అంటూ సరుకుల చిట్టా ఉంది. ఇవన్నీ కాలికట్‌కు వెళ్ళే సరుకులని, ఎక్కువభాగం చీనా వైపు నుంచి వస్తాయని కూడా రాశారు. కొన్ని తూర్పు రేవుల దగ్గర ధ్రువనక్షత్రం ఎత్తును డిగ్రీలలో కాక వేళ్ళ వెడల్పుల లెక్కలో ఇచ్చారు. ఆ కొలత హిందూ మహాసముద్రంలో తిరిగే అరబ్బు, గుజరాతీ నావికులది. పోర్చుగల్ రాజు ప్రాణప్రదంగా కాపాడుకోవాలనుకున్న రహస్యంలో సగం అతనికి ఇక్కడివాళ్ళు చెప్పినదే.

దీన్ని చాలామంది చరిత్రకారులు పేరాలో ఒక వాక్యంగా దాటవేస్తారు. నాకు అది నచ్చదు. 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా తీరంలోని మలిందిలో ఒక గుజరాతీ మార్గదర్శిని ఎక్కించుకున్న తరవాతే అరేబియా సముద్రం దాటగలిగాడు, నాలుగు వారాల లోపే కాలికట్ చేరాడు. అంతకన్నా గొప్ప సాక్ష్యం ఇక్కడి పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ 1512 ఏప్రిల్ 1న తన రాజుకు రాసిన ఉత్తరం. ఒక జావా మార్గదర్శి దగ్గర పెద్ద పటం దొరికిందట. గుడ్ హోప్ అగ్రం, పోర్చుగల్, బ్రెజిల్, ఎర్రసముద్రం, పారశీక సముద్రం, లవంగాల దీవులు, చీనా ఓడల దారులు అన్నీ అందులో ఉన్నాయట. ఊళ్ళ పేర్లు జావా లిపిలో ఉన్నాయి. అంత మంచి వస్తువును తాను ఎన్నడూ చూడలేదని ఆయన రాశాడు. మూలం సుమత్రా దగ్గర మునిగిన ‘ఫ్రోల్ డె లా మార్’ ఓడతోపాటే పోయింది. పోర్చుగీసు మార్గదర్శి ఫ్రాన్సిస్కో రోడ్రిగెస్ నకలు తీసిన కొంతభాగమే లిస్బన్ వెళ్ళింది. పోర్చుగీసు ఓడలు బ్రెజిల్ తీరం తాకింది 1500లో. పన్నెండేళ్ళు కాకముందే ఆ తీరం జావా నావికుడి పటంలోకి ఎక్కింది. సమాచారం రెండు వైపులా పారుతూనే ఉంది, ఏ రాజూ ఆపలేకపోయాడు.

ఇక స్పెయిన్‌తో పోటీ. 1494 టోర్డెసిల్లాస్ ఒప్పందంతో కేప్ వెర్డ్ దీవులకు పడమరగా 370 లీగుల దూరంలో ఒక గీత గీసుకుని, తూర్పు పోర్చుగల్‌కు, పడమర స్పెయిన్‌కు అని పంచుకున్నారు. భూమి గుండ్రం కాబట్టి ఆ గీత అవతలి పక్క ఎక్కడ పడుతుందన్నది పెద్ద తగాదా అయింది. లవంగాలు పండే మొలక్కా దీవులు (మలక్కా రేవు వేరు, ఇవి నేటి ఇండోనేషియా తూర్పు భాగంలో ఉన్నాయి) సరిగ్గా ఆ అనుమానపు చోటనే ఉన్నాయి. సముద్రం మీద రేఖాంశం లెక్కగట్టే నమ్మకమైన పద్ధతి అప్పటికి లేదు. ఆసియా ఎంత పొట్టిగా గీస్తే మొలక్కా అంత నిశ్చయంగా పోర్చుగల్ వాటా, ఎంత పొడుగ్గా గీస్తే అంతగా స్పెయిన్ వాటా. ఇరుపక్షాల పటాలూ వాళ్ళ వాళ్ళ కోరికల ప్రకారమే సాగాయి, ముడుచుకున్నాయి.

ఇక్కడ ఒక కుటుంబం కథ చెప్పాలి. పెద్రో రైనెల్, అతని కొడుకు జోర్జ్ పోర్చుగల్ రాజు కొలువులో పటాలు గీసేవారు. 1519లో జోర్జ్ లిస్బన్ వదిలి సెవిల్లెకు పారిపోయాడు. మెజెల్లన్ స్పెయిన్ తరఫున మొలక్కాకు పడమటి దారిన బయలుదేరబోతున్న సమయం అది. జోర్జ్ అతనికోసం ఒక గోళం, ఒక పటం చేయడం మొదలుపెట్టాడు. సెవిల్లెలో పోర్చుగల్ రాజు ప్రతినిధి సెబాస్తియావ్ ఆల్వారెస్ ఆ ఏడాది జులై 18న రాజుకు పంపిన ఉత్తరంలో తాను కళ్ళారా చూసినది రాశాడు. కొడుకును వెనక్కి తీసుకుపోవడానికి తండ్రి వచ్చేసరికి పని ఇంకా పూర్తికాలేదట. తండ్రే కూర్చుని పూర్తిచేసి, మొలక్కా దీవులను అందులో పెట్టాడట. రాజు సొంత పటచిత్రకారుడే ప్రత్యర్థి దండయాత్రకు గోళం ముగించి ఇచ్చాడన్నమాట. దీన్ని ద్రోహం అనుకోవాలా? నేను అనుకోను. అది అతని చేతి పని, బతుకుతెరువు. ఒక్కడే కొంటానంటే ధర ఆ ఒక్కడు చెప్పిందే, ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళుంటే గీసేవాడికి నాలుగు డబ్బులు వస్తాయి. ఈ మొత్తం కథలో రహస్యాలు పొక్కింది ఎక్కువగా ఈ కారణంతోనే.

అలాగే పుట్టుకతో పోర్చుగీసువాడైన డియోగో రిబైరో స్పెయిన్ కొలువులో చేరాడు. సెవిల్లెలోని వర్తక కార్యాలయంలో ‘పద్రోన్ రియల్’ అనే అధికారిక మూలపటం ఉండేది. తిరిగివచ్చిన నావికుల వివరాలతో దాన్ని సరిదిద్దేవారు. 1529లో రిబైరో దాని ఆధారంగా గీసిన ప్రపంచపటం ఆ కాలానికి అద్భుతమైనది. పసిఫిక్ సముద్రపు వైశాల్యం తొలిసారి కాస్త నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. అయినా మొలక్కా మాత్రం స్పెయిన్ వాటాలోనే పడింది. 1524లో రెండు రాజ్యాల నిపుణులు సరిహద్దు ఊళ్ళయిన బడాహోస్, ఎల్వాస్‌లలో కూర్చుని వాదించుకున్నారు, తేలలేదు. చివరికి డబ్బు అవసరమై స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ 1529లో జరగోజా ఒప్పందంతో తన హక్కును 3,50,000 డుకాట్లకు పోర్చుగల్‌కు వదులుకున్నాడు. నేటి లెక్కలో చూస్తే ఆ దీవులు సుమారు 6 డిగ్రీల తేడాతో పోర్చుగల్ వాటాలోనే ఉన్నాయి. తనదైన వస్తువునే పోర్చుగల్ అంత సొమ్ము పోసి కొనుక్కుంది.

ఆ శతాబ్దం రెండో సగంలో లిస్బన్ పటాలు దాదాపు బాహాటంగానే బయటికి పోయాయి. 1584లో యాంట్‌వెర్ప్‌లో ఓర్టెలియస్ తన భూపటాల సంపుటిలో చేర్చిన చీనా పటం పోర్చుగీసు పటచిత్రకారుడు లూయిస్ జోర్జె డె బార్బూడాది. 1595లో చేర్చిన జపాన్ పటం మరో పోర్చుగీసువాడు లూయిస్ తైషైరాది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రస్ ప్లాన్సియస్ అనే మతబోధకుడు, కోర్నెలిస్ క్లాస్ అనే పుస్తక ప్రచురణకర్త కలిసి 1592లో పోర్చుగీసు పటచిత్రకారుడు బార్తొలొమెవ్ లాస్సో దగ్గర నావికాపటాలు సంపాదించారు. వాటిని చూసి ప్లాన్సియస్ అచ్చువేయించిన మొలక్కా పటంలో కింది అంచున జాజికాయ, లవంగం, చందనం బొమ్మలు చెక్కించాడు. ఎందుకు వెళ్ళాలో ఇక ఎవరికీ విడిగా చెప్పనక్కరలేదు.

అదే 1592లో ఇంగ్లీషువారు అజోర్స్ దీవుల దగ్గర ‘మాద్రె దె దెయుస్’ అనే భారీ పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. మిరియాలు, రత్నాలు, పట్టులతోపాటు అందులో ఒక పుస్తకం దొరికింది. 1590లో మకావులో లాటిన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో చీనా గురించిన వివరాలున్నాయి. దాన్ని సుగంధపు దేవదారు పెట్టెలో, సన్నని కాలికో గుడ్డ దాదాపు వంద చుట్లు చుట్టి, అమూల్యమైన ఆభరణంలా దాచారని సముద్రయాత్రల కథనాలు సేకరించి ప్రచురించిన ఇంగ్లీషువాడు రిచర్డ్ హక్లూయిట్ రాశాడు. పోర్చుగీసువారి తూర్పుదేశపు పాలన, వ్యాపారాల పూర్తి చిట్టా కూడా ఆ ఓడలోనే దొరికింది. లండన్ వర్తకులకు మిరియాల బస్తాల కన్నా ఆ కాగితాలు ఎక్కువకాలం పనికివచ్చాయని నా నమ్మకం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తీసింది యాన్ హుయ్‌హెన్ వాన్ లిన్స్‌హోటెన్. ఈ డచ్ యువకుడు 1583లో గోవా ఆర్చిబిషప్‌కు కార్యదర్శిగా వచ్చాడు. గోవాలో ఉన్నంతకాలం ఓడల మార్గదర్శులు రాసుకున్న దారి వివరాలు సేకరించాడు, వ్యాపారుల మాటలు విన్నాడు. 1592లో స్వదేశం చేరి, 1595లో దారుల వివరాల పుస్తకం, 1596లో పెద్ద ప్రయాణగ్రంథం వెలువరించాడు. రెండేళ్ళలో ఇంగ్లీషు, జర్మన్ అనువాదాలు, మరుసటేడు లాటిన్ అనువాదం వచ్చాయి. అతని సలహాలలో ముఖ్యమైనది ఒకటుంది. మలక్కాలో పోర్చుగీసు కోట కాపలా ఉంది కాబట్టి అటు పోవద్దని, సుమత్రాకు దక్షిణంగా తిరిగి సుండా జలసంధిలోంచి జావా చేరమని అతను చెప్పాడు. 1595లో కోర్నెలిస్ డె హౌట్‌మన్‌తో బయలుదేరిన నాలుగు డచ్ ఓడలు 1596 జూన్‌లో సరిగ్గా ఆ దారినే బాంటెన్ చేరాయి. సుమారు 250 మందిలో దాదాపు మూడోవంతు మందే ప్రాణాలతో తిరిగి వెళ్ళారు. అయినా దారి ఉందని రుజువైంది. ఆ దారినే వచ్చిన డచ్ ఈస్టిండియా కంపెనీ 1621లో జాజికాయల కోసం బండా దీవుల జనాన్ని దాదాపు తుడిచిపెట్టింది. పటాల అందం గురించి రాసేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ పోర్చుగల్ తప్పులనుంచి నేర్చుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పటాల కార్యాలయం పెట్టి 1617లో హెస్సెల్ హెరిట్స్‌ను, 1633లో విల్లెమ్ బ్లావును, 1638లో అతని కొడుకు యోవాన్ బ్లావును నియమించింది. రహస్యం కాపాడతామని వారు ప్రమాణం చేయాలి. ఓడ బయలుదేరేటప్పుడు పటాలు లెక్కరాసి ఇచ్చేవారు, తిరిగి వచ్చాక పటాలూ దినచర్య పుస్తకాలూ అప్పగించాలి. పోగొడితే సొమ్ము కట్టాలి. ఇంత కట్టుదిట్టం చేసినా కంపెనీ నావికుడు టాస్మన్ 1642–44లో చూసిన ఆస్ట్రేలియా తీరాలు 1648లోనే యోవాన్ బ్లావు అచ్చువేసిన గోడపటంలో కనిపించాయి. 1655లో తెరిచిన ఆమ్‌స్టర్‌డామ్ నగరమందిరపు పాలరాతి నేలమీద కూడా వాటిని పొదిగారు. అంటే కంపెనీ గొప్ప చెప్పుకోదలచినదాన్ని చూపించింది. బండా, మొలక్కా రేవుల లోతులు, దిబ్బలు, లంగరు వేసే చోట్లు మాత్రం చేతిరాత పటాలలోనే ఉంచింది.

ఇక మన తీరానికి వద్దాం. నేను మొదట్లో చెప్పిన మాటకు రుజువు ఇక్కడే ఉంది. డచ్చివారు 1605–06లో మచిలీపట్నం, నిజాంపట్నాలలో, 1610లో పులికాట్‌లో స్థావరాలు పెట్టారు. లవంగాల దీవులలో యూరప్ సరుకు ఎవరికీ అక్కరలేదు, అక్కడ అడిగేది కోరమండల్ బట్ట. మచిలీపట్నం వర్తకులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. సుమత్రాలోని అచే, బర్మాలోని పెగు, తెనాసెరిం రేవులకు వాళ్ళ సరుకు అంతకుముందునుంచే వెళ్తోంది. చిరివేరు ఎరుపు, నీలిమందు అద్దిన బట్టలలో ఏ అద్దకం ఏ దీవికి కావాలో సముద్రపటం చెప్పదు. అది దుబాసీలకు, అద్దకపువాళ్ళకు, సరుకుతోపాటు ఓడ ఎక్కే వర్తకులకు తెలుసు.

లండన్‌లోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఈ సంగతి గ్రహించి పటం కొనలేదు, మనుషులను కొంది. డచ్ కంపెనీ తరఫున ఈ తీరంలో పనిచేసి బయటికి వచ్చిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్‌లను చేర్చుకుని, 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద పంపించింది. పులికాట్‌లో డచ్చివారు వేంకటపతిరాయలతో చేసుకున్న ఒప్పందం చూపించి వాళ్ళను అడ్డుకున్నారు. వాళ్ళు నిజాంపట్నానికి, అక్కడినుంచి మచిలీపట్నానికి జరిగి వ్యాపారం మొదలుపెట్టారు. గోల్కొండ రాజ్యంలో ఇంగ్లీషువారి వ్యాపారానికి ఆరంభం అదే. బట్టలు నింపుకుని మలయా ద్వీపకల్పంలోని పటాని, అక్కడినుంచి సయాం వరకు వెళ్ళారు. అక్కడ ఫ్లోరిస్‌కు ఎదురైన సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచించాను. మలయాలో అమ్మే బట్టకు అంచున సన్నని తెల్లటి గీత ఉండాలి. అది లేదని ధర బాగా పడిపోయింది. అంత చిన్న లోపం అంత నష్టం తెస్తుందని అనుభవం కాకపోతే తాను నమ్మేవాడిని కాదని రాసుకున్నాడు. ఈ తీరంలో అంతకుముందే పనిచేసినవాడికే ఆ గీత సంగతి తెలియలేదు. తరవాత డచ్చివారు ఆగ్నేయాసియా నుంచి నమూనా గుడ్డముక్కలు తెప్పించి ఇక్కడి నేతగాళ్ళకు, అద్దకపువాళ్ళకు ఇచ్చేవారు. నా దృష్టిలో ఆ గుడ్డముక్క కూడా ఒక వ్యాపార పటమే.

పద్దెనిమిదో శతాబ్దానికి పటాల దాపరికం తనంతట తానే సడలింది. 1703లో లండన్‌లో ఆసియా సముద్రాల అచ్చుపటాల పుస్తకం వచ్చింది, డచ్ పటాలే దానికి చాలావరకు ఆధారం. 1745లో ఫ్రెంచివాడు దాప్రె దె మన్‌విలెత్ ‘నెప్ట్యూన్ ఓరియంటాల్’ వెలువరించాడు. 1753లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ క్యూలెన్ సంస్థ కంపెనీ పటాలనే అచ్చువేసింది. పోటీదారు దగ్గర మంచి అచ్చుపటం ఉన్నప్పుడు మన చేతిరాత పటం దాచుకుంటే ఓడ మునిగేది మనదే.

ఒక హెచ్చరిక. పోర్చుగీసు పటాలు తక్కువగా మిగిలాయి కాబట్టి ఎన్నో ఆవిష్కరణలను కావాలని దాచారని, ఆస్ట్రేలియా కూడా వాళ్ళే కనుగొని చెప్పలేదని కొందరు వాదిస్తారు. కాగితం లేకపోవడమే సాక్ష్యమంటే ఏదైనా రుజువు చేయవచ్చు. 1755 లిస్బన్ భూకంపంలో, దాని వెంట వచ్చిన మంటల్లో, ఉప్పెనలో తూర్పుదేశాల వ్యాపారాన్ని నడిపిన కాసా ద ఇండియా కార్యాలయం దస్తావేజులతో సహా నాశనమైంది. పటాలు కనిపించకపోవడానికి ఆ ఒక్క రోజే పెద్ద కారణం.

స్వయంగా చూడాలంటే కాంతీనో పటపు స్పష్టమైన ప్రతులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. హేగ్‌లోని డచ్ జాతీయ అభిలేఖాగారం కంపెనీ చేతిరాత పటాలను ఉచితంగా చూడనిస్తుంది, వాటిలో కోరమండల్ తీరపు పటాలు కూడా ఉన్నాయి. వాటిని తెరిచినప్పుడు ముందు ఊళ్ళ పేర్ల జోలికి పోకండి, నీటిలో రాసిన చిన్న అంకెలు చూడండి. అవి లోతులు, ఒక్కో కొలత సుమారు 1.7 మీటర్లు. మచిలీపట్నం దగ్గర పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ళ దూరంలో ఎందుకు ఆగేవో, సరుకు పడవలమీద ఎందుకు చేరవేయాల్సి వచ్చేదో ఆ అంకెలతోనే తెలుస్తుంది.